ఫిల్మ్ నగర్‌లో నరహరి గారి బల్ల దగ్గర

జూబ్లీ హిల్స్ వెళ్ళొచ్చానని తెలియగానే కాకినాడలో మా వీధివాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న, ఏ హీరోని చూశావని. ఎవరినీ చూడలేదు. ఎత్తైన గేట్లు చూశాను. ఆ గేట్ల ముందు కార్లు తుడుస్తూ ఫోన్లో వీడియోలు చూసుకునే డ్రైవర్లని చూశాను. నేను వెళ్ళింది నరహరి అనే మనిషి కోసం. ఆ పేరు చెబితే మా వీధిలోనే కాదు, వాళ్ళ వీధిలో కూడా చాలామందికి తెలియదు.

ఆయనెవరో చెప్పాలంటే నా పని గురించి కాస్త చెప్పాలి. నేను ఇంట్లో కూర్చుని ప్రోగ్రాములు రాస్తాను. జీతం వచ్చే పని ఒకటి, రానిది ఇంకొకటి. ఆ రెండోది ఒక కంపైలరు లైబ్రరీ. మనుషులు రాసే ప్రోగ్రాముని యంత్రానికి పనికొచ్చే రూపంలోకి మార్చేది కంపైలరు. అలాంటివి కట్టుకోవడానికి కావలసిన భాగాలన్నీ మా లైబ్రరీలో దొరుకుతాయి. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, ఎవరైనా బాగుచెయ్యవచ్చు. ఒక్కటే కట్టుబాటు: ఎవరు ఏ మార్పు చేసినా ఇంకొకరు చదివి ఒప్పుకోవాలి. మా భాగంలో ఆ ఇంకొకరు, నాకు నరహరి, నరహరికి నేను.

ఏళ్ళ తరబడి రాసుకున్నాం. అంతా ఇంగ్లీషులోనే, అందరికీ కనిపించేలా. ఇద్దరం తెలుగువాళ్ళమని పేర్లని బట్టి తెలుసు, అయినా తెలుగులో ఒక్క ముక్క రాసుకోలేదు. ఆయన గొంతు నేను వినలేదు. నా పొరపాట్లని మాత్రం ఆయన చాలా ఓపిగ్గా, మర్యాదగా చూపించేవారు. నేను ఒంటరిగా ఉంటాను. కొన్ని రోజుల్లో నాకు వచ్చే ఏకైక పలకరింపు, ఫలానా లైను ఇంకోసారి చూడండి అన్న ఆయన మాటే.

లైబ్రరీలో ఒక పాత ఫైలు ఉంది. ఎక్కడ పెట్టాలో తెలియని ప్రతిదాన్నీ అందరూ అందులో పడేశారు. అది పెరిగి పెరిగి, చదవడానికే భయపడేంత అయింది. దాన్ని విడదీసి చిన్న ఫైళ్ళుగా సర్దాలని ఇద్దరం అనుకున్నాం. నేను విడదీశాను. అంతా సరిగ్గా నడుస్తోందో లేదో చూసే పరీక్షలు ఒకసారి నెగ్గుతున్నాయి, ఒకసారి ఓడిపోతున్నాయి. కారణం తెలుసు. ఒకే ఫైల్లో ఉన్నంతకాలం పైనున్నది ముందు మొదలవుతుంది, కిందున్నది తర్వాత. విడదీస్తే ఆ వరస పోతుంది. కానీ వాటిలో ఏది దేనికంటే ముందు రావాలో ఎక్కడా రాసి లేదు. చాలావరకు రాసినవారు నరహరి. ఆయన్ని అడిగాను.

జవాబు రాలేదు. వారాలు పోయాయి, నెలలు పోయాయి. విసుగొచ్చి వదిలేశారేమో అనుకున్నాను. ఆయన ఉత్తరాల కింద ఉండే ఆఫీసు చిరునామా ఒకటి నా దగ్గరుంది. ఎండలు ముదురుతున్న రోజుల్లో బండెక్కాను.

చెక్ పోస్ట్

బస మోతీనగర్‌లో, ఒక ఆడవాళ్ళ హాస్టల్లో. జూబ్లీ హిల్స్ హోటళ్ళ ధరలు చూశాక ఇంకో ఆలోచన రాలేదు. హాస్టల్ ఆవిడ నా సంచీ కింద పెట్టకముందే "పెండ్లయిందా?" అని అడిగింది. లేదన్నాను. "అయితే ఫికర్ లేదు, నిమ్మళంగుండు" అని తాళం ఇచ్చింది. మా ఊళ్ళో అయితే ఆ జవాబుకి గంట సేపు జాలి పడతారు.

మెట్రో దిగి చెక్ పోస్ట్ దగ్గర ఆటో ఎక్కాను. ఆటో అతను అద్దంలోంచి నన్ను చూసి, "ఏం మేడం, సీరియల్ల చేస్తరా?" అన్నాడు.

"లేదండీ. ఒకాయన్ని కలవాలి."

"అందరు గట్లనే అంటరు. డైరెక్టరా?"

"కాదు, కంప్యూటర్ పని."

"ఓ, గ్రాఫిక్సా! పులులు గిట్ల చేస్తరు గదా." తనే సమాధానపడి స్పీడు పెంచాడు.

జూబ్లీ హిల్స్‌లో రోడ్లకి పేర్లు లేవు, నంబర్లు ఉన్నాయి. ఆ నంబర్లకి వరస మాత్రం లేదు. ఒక నంబరు పక్కన దాని తర్వాతి నంబరు ఉంటుందనుకుంటే మోసపోతాం. ఆటో అతను నన్ను దింపిన చోట ఆఫీసు లేదు, ఓ పెళ్ళి చీరల దుకాణం ఉంది. మిగతా దూరం ఎండలో నడిచాను. అక్కడ నడిచేది పనిమనుషులూ నేనూ మాత్రమే. కాలిబాట కొంతదూరం పోయి ఎవరిదో పూలకుండీల వరసలో ఆగిపోతుంది. దాహమేసి ఒక అద్దాల హోటల్లో మజ్జిగ అడిగితే, పుదీనా ఆకు వేసి మా ఊళ్ళో భోజనానికి సరిపోయే ధర చెప్పారు. తాగాను. మా ఊరి మజ్జిగే బావుంటుంది.

గాజు తలుపుల ఆఫీసు

సినిమాలకి గ్రాఫిక్స్ చేసే ఆఫీసు అది. లోపల చల్లగా, చీకటిగా ఉంది. రిసెప్షన్‌లో అమ్మాయి కంప్యూటర్లో వెతికి, "సారీ మేడం, హీ ఈజ్ నో లాంగర్ విత్ అస్" అంది.

ఆ వాక్యానికి రెండు అర్థాలున్నాయి. ఏది అడగాలో తెలియక నిలబడ్డాను. నా మొహం చూసి ఆ అమ్మాయికే గాభరా పుట్టింది.

"అయ్యో, అలా కాదు మేడం. ఉన్నారు. స్ట్రోక్ వచ్చింది, జాబ్ రిజైన్ చేశారు. మీరేమవుతారు?"

ఏమవుతానో చెప్పడానికి నా దగ్గర మాట లేదు. "కలిసి పని చేశామండీ" అన్నాను. ఆ అమ్మాయి ఎవరికో ఫోన్ చేసి, ఆయన భార్యని అడిగి, ఆవిడ రమ్మన్నాకే చిరునామా ఇచ్చింది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఇన్ని నెలలూ ఆయన నన్ను వదిలేశారనుకున్నాను. ఆయన ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో కూడా, నా ప్రశ్న చూశారా అని గుర్తుచేస్తూ వరసగా రాస్తూనే ఉన్నాను.

ఫిల్మ్ నగర్, పై వాటా

ఫిల్మ్ నగర్‌లో పెద్ద బంగళాల వెనక సందుల్లో కిరాయి ఇళ్ళుంటాయి. మేకప్ వాళ్ళు, లైట్ల వాళ్ళు, గొంతులిచ్చేవాళ్ళు అక్కడే ఉంటారు. నరహరి గారిల్లు ఒక బండరాయిని ఆనుకుని కట్టిన మేడ మీద. తలుపు తీసినావిడ నన్ను ఒక్క క్షణం చూసి, "ఇందిర గారేనా?" అంది. లోపలికి తిరిగి గట్టిగా, "చూడుండ్రి, ఎవలొచ్చిండ్రో! మీ ఇందిర గారు!" అంది.

ఆవిడ స్వరూప, ఆయన భార్య. సినిమాలకి డబ్బింగ్ చెబుతుంది.

కుర్చీలో కూర్చున్నాయన లేవబోయారు. కుడి చెయ్యి ఒళ్ళో అలాగే ఉండిపోయింది. నేను ఊహించుకున్న మనిషి పొడుగ్గా, గంభీరంగా ఉండేవాడు. ఈయన పొట్టిగా, గుండ్రటి మొహంతో ఉన్నారు. నన్ను చూసి, "అయితది" అన్నారు.

నమస్కారం పెట్టాను. "అయితది, అయితది" అన్నారు మళ్ళీ, ఎడం చేత్తో కుర్చీ చూపిస్తూ.

"గా ఒక్క మాటనే మిగిలిందక్కా," అంది స్వరూప. "మంచిదైనా గదే, చెడ్డదైనా గదే. ఆకలైనా గదే, కోపమొచ్చినా గదే. ఎట్ల పలికిండో చూసి నేను అర్థం చేసుకుంట. ఇప్పుడన్నది కూసోమని."

అంత వివరంగా, అంత పొందికగా రాసే మనిషి. ఆయన తెలుగు ఎలా ఉంటుందో ఎప్పుడైనా వినాలనుకునేదాన్ని. అదీ విన్నాను.

స్వరూప బలవంతం మీద అక్కడే భోజనం చేశాను. ముద్దపప్పు, పచ్చిపులుసు. మా వైపు పులుసంటే పొయ్యి మీద మరగాల్సిందే. ఇక్కడ చింతపండు పిసికి ఉల్లిపాయలు, కాల్చిన మిరపకాయలు వేసి అలాగే పోసుకుంటారు. చాలా బావుంది, ఉప్పు మాత్రం లేదు. "ఆయనకు బంద్ చేసినం. ఆయనకు లేంది మాకెందుకని ఇంట్లనే మానేసిన," అంది స్వరూప.

తింటుంటే చెప్పింది. "పొద్దున లేస్తే మీ ముచ్చటే ఉండేదక్కా. ఇందిర గారు ఒప్పుకుంటలేరు, ఇందిర గారు మల్ల తప్పు పట్టిండ్రు అని. ఎవరీ ఇందిర గారు, ఇంత సతాయిస్తదని నాకు మస్తు కోపమొస్తుండె."

నరహరి గారు తల వంచుకుని నవ్వుతున్నారు. నన్ను గురించి ఒక ఇంట్లో రోజూ మాట్లాడుకునేవారని నాకు అప్పుడే తెలిసింది. అన్నం కలుపుతూ చాలాసేపు తలెత్తలేదు.

డబ్బింగ్ థియేటర్

మర్నాడు స్వరూప తన పని దగ్గరికి నన్ను వెంట తీసుకెళ్ళింది. ఇంటికి రెండు సందుల అవతల, ఒక మేడ నేలమాళిగలో ఉన్న గది. గోడలంతా మెత్తటి పలకలు. నేను గాజు కిటికీ ఇవతల కూర్చున్నాను. తెర మీద ఎవరో అమ్మాయి ఏడుస్తోంది. స్వరూప మైకు ముందు నిలబడి, "వెళ్ళిపోతున్నావా? ఒక్క మాట, ఒక్క మాట చెప్పి వెళ్ళొచ్చుగా!" అంది. మా కాకినాడ అమ్మాయి అన్నట్టే ఉంది. ఇంజనీరు ఇంకోసారి అన్నాడు. మళ్ళీ అంది. నాలుగోసారికి నిజంగా గొంతు పూడుకుపోయింది. ఇంజనీరు బొటనవేలు చూపించాడు.

బయటికొచ్చి నీళ్ళు తాగి, "జర లేటయింది, ఏమనుకోకు" అంది తన మాటలో.

టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నట్టుండి అడిగింది. "అక్కా, నిజం చెప్పు. నువ్వొచ్చింది ఆయనతోని పనుండి గదా?"

అవునన్నాను. చెప్పాను.

"డాక్టరేమో మాట, రాత పోయినయ్ గని అన్నీ అర్థమైతయ్ అంటడు. నాకు గూడ అర్థమైతున్నట్టే అనిపిస్తది. కాని నేను రోజంత లేని మాటలకు గొంతిచ్చేదాన్ని. ఈయన మాటలు గూడ నేనే కల్పించుకుంటున్ననేమో? నేను గదన్నడు, గిదన్నడు అంటుంట. నిజంగ అన్నడా?" టీ గ్లాసు పక్కన పెట్టింది. "నువ్వు అడుగు. నీ పని నాకు తెల్వది. దాంట్ల నేను కల్పించలేను."

బల్ల మీద చీటీలు

పాత ఫైల్లోని భాగాల పేర్లు ఒక్కొక్కటీ ఒక్కో కాగితం ముక్క మీద రాసి భోజనాల బల్ల మీద పరిచాను. "నరహరి గారూ, ఏది ముందో మీరే చెప్పాలి," అన్నాను.

ఆయన చాలాసేపు చూశారు. ఏమీ చెయ్యలేదు. స్వరూప వంటింటి గుమ్మంలో నిలబడి చేతులు తుడుచుకుంటూనే ఉంది. నాకు రాకుండా ఉండాల్సిందనిపించింది. ఆయన తెలియదని ఒప్పుకోవడం ఆవిడ చూడాల్సి వస్తే, ఆ పాపం నాదే.

అప్పుడు ఎడం చేత్తో ఒక చీటీ జరిపారు. దాని పక్కకి ఇంకొకటి. విడదీయకూడని రెంటిని ఒకదాని మీద ఒకటి పెట్టారు. ఎక్కడున్నా ఫరవాలేని వాటిని బల్ల చివరికి నెట్టేశారు. ఒక చీటీ దగ్గర ఆగి, "అయితది!" అని విసుక్కుని, పంటితో పట్టుకుని చింపేశారు. ఆ భాగం ఎవరికీ అక్కర్లేదని అర్థం. ఎవరైనా వాడుతున్నారేమోనని నేను ఏళ్ళుగా దాన్ని జాగ్రత్తగా కాపాడుతున్నాను!

వరస పూర్తయ్యాక ఫోన్లో ఫోటో తీసుకున్నాను. అదృష్టం, ఎందుకంటే కరెంటు పోయింది. కాసేపటికి వచ్చింది. కరెంటు వచ్చిందేమోనని స్వరూప వేసి చూసి, కట్టడం మరిచిన ఫ్యాను ఒక్కసారిగా తిరిగి చీటీలన్నీ గదంతా చెదరగొట్టింది. కొన్ని బల్ల చివరనున్న పచ్చిపులుసు గిన్నెలో పడ్డాయి. నేను బల్ల కిందికి దూరాను, స్వరూప ఫ్యాను స్విచ్చి కోసం పరిగెత్తింది. నరహరి గారు పగలబడి నవ్వారు. నవ్వుకి మాటలు అక్కర్లేదు కదా. ఆ నవ్వు పూర్తిగా ఆయనదే.

ఏరిన చీటీలు బల్ల మీద కుప్పగా పోశాను. ఫోటో ఉంది గనక ఆయన్ని మళ్ళీ శ్రమ పెట్టనక్కర్లేదని చెప్పబోయాను. ఆయన అప్పటికే మొదలుపెట్టేశారు. ఈసారి తడబాటు లేదు. పూర్తయ్యాక ఫోటోతో పోల్చాను. ఒక్క చోట తేడా ఉంది. రెండు చీటీలు తారుమారయ్యాయి.

స్వరూప నా మొహమే చూస్తోంది. "తప్పైందా?"

"ఇంకా తెలీదు," అన్నాను.

అక్కడే కూర్చుని, వెంట తెచ్చుకున్న కంప్యూటర్లో రెండు వరసలూ రాశాను. ఫోటోలో ఉన్న మొదటి వరసతో పరీక్షలు నడిపాను. నెగ్గాయి, మళ్ళీ నెగ్గాయి, తర్వాత ఓడిపోయాయి. రెండో వరసతో నడిపాను. నెగ్గాయి. ఇంకోసారి నెగ్గాయి. మర్నాడు మధ్యాహ్నం దాకా యంత్రాన్ని అలా నడవనిచ్చాను. ఒక్కసారి కూడా ఓడలేదు.

"అంటే ఏంది?" అంది స్వరూప.

"మొదటిసారి ఆయన పొరబడ్డారు. రెండోసారి తన తప్పు తనే పట్టుకుని దిద్దుకున్నారు. ఆయన రాసింది మొత్తం ఆయనకి గుర్తుంది స్వరూపా. నువ్వేమీ కల్పించడం లేదు."

ఆవిడ వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది. నీళ్ళు చాలాసేపు పోతూనే ఉన్నాయి. నరహరి గారు అటే చూస్తూ, చాలా నెమ్మదిగా, "అయితది" అన్నారు. దాని అర్థం నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

చివరి రోజు

సెలవు తీసుకోవడానికి వెళ్ళాను. దారిలో రహమత్ నగర్‌లో దిగి సకినాలు కొన్నాను. మా జంతికల్లాంటివే, గట్టిదనంలో రెండింతలు. పిండివంటలు ఇచ్చిన ఆవిడ, "మీ ఇంట్ల ఎంతమంది?" అని అడిగి, నా జవాబు విని కొన్ని తీసేసింది. "ఒక్కదానివి ఇన్నెందుకు, మెత్తబడ్తయ్" అంది. మంచి మనసుతోనే అంది.

నరహరి గారు నా కంప్యూటరు తెరవమని సైగ చేశారు. లైబ్రరీలో ఏ భాగానికి ఎవరు బాధ్యులో పేర్లు రాసి ఉండే పేజీ తెరిపించారు. మా భాగం కింద రెండు పేర్లున్నాయి. ఆయన తన పేరు మీద వేలు పెట్టి, పక్కకి తోసినట్టు చూపించారు.

"వద్దండీ," అన్నాను. "ఉండనివ్వండి. ఎవరికీ అడ్డం కాదు. మీరు కోలుకున్నాక…"

"అయితది." గట్టిగా అన్నారు.

స్వరూప వైపు చూశాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని, "వద్దంటున్నడు. పేరు పెట్టుకొని పని చెయ్యకపోతే ఆయనకు నడవది. ఎవరన్న అడిగి, జవాబు రాక ఎదురుచూస్తరని," అంది.

నేను అలా ఎదురుచూసిన మాట ఆయనకి తెలుసు. అంటే, నా ఉత్తరాలన్నీ చదివారు. చదివి, రాయలేకపోయారు.

ఆయన తన ఖాతా తెరిచి, ఎడం చేతి చూపుడువేలితో ఒక్కొక్క అక్షరమే చెరుపుతూ తన పేరు తుడిచేశారు. ఆ మార్పు పంపారు. కట్టుబాటు ప్రకారం ఇంకొకరు ఒప్పుకోవాలి. మా భాగంలో ఆ ఇంకొకరు నేను. పక్కనే కూర్చుని, ఆయన చూస్తుండగా, ఒప్పుకున్నానని నొక్కాను. ఆయన ఎడం చెయ్యి చాచారు. నేనూ ఎడం చెయ్యే ఇచ్చాను.

మెట్లు దిగుతుంటే స్వరూప వెనక నుంచి, "పోయినంక ఫోన్ చెయ్యక్కా. ఆయన మాట్లాడడు గని వింటడు," అంది.

కాకినాడ

ఇంటికొచ్చాక పాత ఫైలుని ఆయన చెప్పిన వరసలో విడదీశాను. పాత చోట వెతుక్కునేవాళ్ళ కోసం, ఏది ఎక్కడికి మారిందో చెప్పే చిన్న ఫైలు ఒకటి ఉంచాను. ఏది ముందో, ఎందుకు ముందో, నాకు తెలిసినంత మేరకు ప్రతి భాగం పైనా రాశాను. వరస నరహరి గారిదని రాశాను. చదివి ఒప్పుకోవడానికి మా భాగంలో ఎవరూ లేరు. చాలా రోజులు అలా పడి ఉంది. ఆదివారాలు స్వరూపకి ఫోన్ చేస్తున్నాను. ఫోన్ బల్ల మీద పెడుతుంది. నేను ఏం చేశానో చెబుతాను. అవతల ఊపిరి వినిపిస్తుంది, అప్పుడప్పుడు ఆ ఒక్క మాట.

చివరికి వేరే భాగం చూసే ఎవరో, నేనెన్నడూ ఎరగని పేరు, తీరిక చేసుకుని మొత్తం చదివారు. అంతా బాగానే ఉందన్నారు. నరహరి ఎవరని అడగలేదు. ఒప్పుకునే ముందు ఒక్కటే అడిగారు: రేపు ఈ వరసలో ఏదైనా తేడా వస్తే ఎవరిని అడగాలి?

కిటికీ బయట సాయంత్రం అవుతోంది. జవాబు రాశాను.

నన్ను.